ఇస్త్రీ పెట్టె మీద పడిన నింద

అత్తవారింట్లో అతన్ని డాక్టరంటారు. మనుషుల డాక్టరు కాదు, కంప్యూటర్ల డాక్టరు. నిజానికి అతను చేసేది ఓ పెద్ద షోరూమ్‌లో ల్యాప్‌టాప్‌లు అమ్మడం. ఏ మోడల్లో ఎంత మెమరీ ఉంది, ఏ బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అన్నది నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తాడు. కానీ అమ్మేవాడు వేరు, బాగుచేసేవాడు వేరు. బాగుచేసేవాళ్లు షోరూమ్ వెనక గదిలో, అద్దాల తలుపు అవతల కూర్చుంటారు. ఆ తలుపు దాటి లోపలికి వెళ్లాల్సిన అవసరం అతనికి ఎప్పుడో తప్ప పడలేదు. ఈ తేడా అత్తవారికి తెలియదు. చెప్పాల్సినవాడు చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో మావగారి ఫోను మొరాయిస్తే ఆఫ్ చేసి ఆన్ చేశాడు. అది లేచి కూర్చుంది. ఆ రోజే డాక్టరు పట్టా వచ్చేసింది. ఊరికే వచ్చిన బిరుదుని ఎవడు మాత్రం వద్దంటాడు?

వచ్చిన బిరుదు నిలబెట్టుకోవాలి కదా, దానికి ఓ పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరి యంత్రం చేతికొచ్చినా ముందు అందర్నీ గదిలోంచి పంపించేసేవాడు. "కాస్త ఏకాగ్రత కావాలండీ" అనేవాడు. తలుపు గడియ పెట్టి, వీపు గోడకి ఆనించి కూర్చుని, ఒళ్లో ఫోను దాచుకుని, ఎవరో ఎక్కడో రాసిన వైద్యం చదువుకుంటూ ఒక్కొక్కటే నొక్కేవాడు. బాగైతే చెమట తుడుచుకుని బయటికొచ్చి "చిన్న సమస్యేనండీ" అనేవాడు. కాకపోతే "దీని ఆయుష్షు తీరింది, కొత్తది తీసుకోండి" అనేవాడు. రెండోది అతని అసలు వృత్తిలో మాట గనక అందులో నమ్మకం మరింత పలికేది.

మావగారు బస్ స్టేషన్లో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. అక్కడ "మైకు" అంటే ఇనప గొట్టం కాదు, ఆయనే. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని ఆయన చెబితే, ఆ బస్సు ఎక్కనక్కర్లేనివాళ్లు కూడా ఓసారి తలెత్తి వినేవారట. ఎవరికీ కనబడని గదిలో కూర్చుని చేసే ఉద్యోగమే అయినా, ఆయన రోజూ మడత నలగని ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్లేవారు. "మిమ్మల్ని ఎవరు చూడొచ్చారని ఈ సోకు?" అని అత్తగారు దెప్పితే, "చొక్కా నలిగితే గొంతు నలుగుతుందే" అనేవారు. ఆ చొక్కాలు ఇస్త్రీ చేసింది అత్తగారే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆవిడే, లేనప్పుడూ ఆవిడే.

ఆ గొంతు పోయింది. లోపల గడ్డ లేస్తే స్వరపేటిక తీసేయక తప్పలేదు. ఆపరేషన్‌కి ముందు, ఆసుపత్రిలో మాట సాధన చేయించే ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి వారాల తరబడి వాక్యాలు చదివించి రికార్డు చేయించింది. వాటిలోంచి ఓ కంపెనీవాళ్లు ఆయన గొంతుని తయారుచేసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించారు. ఇప్పుడు ఆయన టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పలుకుతుంది. మొట్టమొదటిసారి "ఏమేవ్, మంచినీళ్లు" అని అది పిలిచినప్పుడు అత్తగారు నీళ్ల సంగతి మరిచిపోయి గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు.

"ఈ గొంతుకి ఇంకో కాపీ తీసి విడిగా దాచుకోండి, మరిచిపోకండి" అని ఆసుపత్రి ఆవిడ మరీ మరీ చెప్పింది. ఇంట్లో డాక్టరుండగా ఆ పని ఇంకెవరు చేస్తారు? అతను పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ మొదలుపెట్టాడు. అది నత్తనడక నడుస్తోంది. ఇంతలో భోజనానికి పిలిచారు. ఆకలిగా ఉంది. ఆపేసి, పెన్‌డ్రైవ్ లాగేసి, "అయిపోయిందండీ" అని అత్తగారి చేతిలో పెట్టేశాడు. వచ్చేసారి వచ్చినప్పుడు చేసేద్దాంలే అనుకున్నాడు. వచ్చేసారి ఇంకేదో పని పడింది, ఆ తర్వాత మరిచిపోయాడు. నిజం చెప్పాలంటే మరిచిపోలేదు. గుర్తొచ్చినప్పుడల్లా వేరే సంగతి ఆలోచించేవాడు.

ఇంతకీ అసలు గొడవ ఎక్కడ మొదలైందంటే, ల్యాప్‌టాప్ మందగించింది. మావగారు టైపు చేసిన మాట బయటికి రావడానికి కొంతసేపు పడుతోంది. అత్తగారు వడ్డిస్తూ "ఇంకొంచెం వేయనా?" అంటే, గరిటెడు కంచంలో పడ్డాక "చాలు" అని వినిపించేది. ఆయన జోకు వేస్తే అది పలికేసరికి అందరూ వేరే మాటలోకి వెళ్లిపోయేవారు. "పాపం నాన్న జోకులన్నీ లేటు బస్సులైపోతున్నాయి, ఏదైనా చెయ్యండి" అని భార్య అడిగింది. "కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే గుర్రంలా పరిగెడుతుంది" అన్నాడు డాక్టరు. షోరూమ్‌లో రోజూ అనే మాటే.

సెలవు పెట్టుకుని పొద్దున్నే భార్యతో వచ్చాడు. మామూలుగానే అందర్నీ పంపించేసి తలుపు వేసుకున్నాడు. మొదలైతే బాగానే మొదలైంది. సగం దాటాక తెర నల్లబడింది. ఓ చుక్కల వలయం తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. "ఆపకండి, కొంత సమయం పడుతుంది" అని అంతకుముందే తెరమీద రాసి ఉంది. అతను చదివాడు కూడా. షోరూమ్‌లో కొనేవాళ్లకి తనూ అదే చెబుతాడు. కానీ తలుపవతల భార్య "ఏమండీ, అయిందా?" అంది. కాసేపాగి మళ్లీ అంది. అతనికి ఒళ్లు మండింది. పవర్ బటన్ మీద వేలు పెట్టి, అది చచ్చిందాకా నొక్కి పట్టాడు.

మళ్లీ వెలిగేసరికి నీలం తెర. ఏవో మరమ్మతు మార్గాలు వరసగా ఉన్నాయి. స్టార్టప్ రిపేర్ అన్నది నొక్కాడు. అది చాలాసేపు గొణిగి, బాగుచేయలేకపోయాం అని చెప్పేసింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే జవాబు. ఫోనులో వెతికితే ఒక్కొక్కడు ఒక్కో వైద్యం చెబుతున్నాడు. ఆ యంత్రంలో ఉన్నది లెక్కలూ ఫోటోలూ కాదు, ఓ మనిషి గొంతు. దాని నకలు ఎక్కడా లేదు, లేదన్న సంగతి భూమ్మీద తనొక్కడికే తెలుసు.

తలుపు తీశాడు. వసారాలో మావగారు ఖాళీ చేతుల్తో కూర్చుని ఉన్నారు. పక్కగదిలోంచి వేడి బట్ట వాసన వస్తోంది. అత్తగారు చొక్కా ఇస్త్రీ చేస్తున్నారు.

"అత్తయ్యగారూ, ఇప్పుడు ఇస్త్రీ పెట్టె పెట్టారా?"

"పెట్టాను బాబూ, ఏం?"

"అదీ సంగతి! ఓల్టేజీ పడిపోయింది. సరిగ్గా మధ్యలో ఆగిపోయింది చూడండి."

ఆ మాట తను అనుకుని అన్నది కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. మద్దెల నయం, ఏమన్నా ఓ మూల పడి ఉంటుంది. అత్తగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో, నా చేతులు పడిపోను" అంటూ ప్లగ్ పీకేశారు. ఇంకా వేడిగా ఉన్న పెట్టెని అలాగే పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక గదంతా తిరిగారు. చివరికి దాన్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీదికి తోసేశారు. సగం ఇస్త్రీ అయిన చొక్కా బల్లమీద ఉండిపోయింది. మావగారు లేచి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. ఏదో అనబోయి పెదాలు కదిపారు, శబ్దం రాలేదు. డాక్టరు తల తిప్పేసుకున్నాడు.

"గొంతు తయారుచేసిన కంపెనీకి హెల్ప్‌లైన్ ఉందిగా, ఫోన్ చేద్దాం" అంది భార్య.

"వాళ్లకేం తెలుస్తుంది, నేను చూస్తున్నాగా."

"చూసింది చాలు" అని ఆమె నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోనుని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి డాక్టరు గది తలుపు బార్లా తెరిచి ఉంది. నలుగురూ బల్ల చుట్టూ చేరారు.

అవతల ఓ అమ్మాయి పలికింది. గొంతు వింటే పొద్దుట్నుంచి ఇలాంటి కాల్స్ చాలానే తీసుకున్నట్టుంది. సంగతంతా విని, తెరమీద ఏముందో చదివించుకుని, "రిపేర్ అవలేదంటే ఇంకో దారుంది సార్. రీసెట్ కొట్టి అంతా చెరిపేసి కొత్తగా వేసుకోవడమే. దానికి ముందు ఒక్కటి చెప్పండి, గొంతు కాపీ ఉందా మీ దగ్గర? మేం ఏడాది దాటాక మా దగ్గర ఉంచం" అంది.

"ఉందండీ!" అంది భార్య, ప్రాణం లేచొచ్చినట్టు. "మావారు అప్పుడే తీసిపెట్టారు. అమ్మా, బీరువాలో ఉందిగా?"

అత్తగారు పరుగులాంటి నడకతో వెళ్లారు. తాళంచెవుల చప్పుడైంది. పట్టుగుడ్డలో చుట్టిన చిన్న మూట పట్టుకొచ్చి, బల్లమీద పెట్టి, మడత మీద మడత విప్పారు. నగలకి కూడా ఆవిడ ఇన్ని మడతలు పెట్టరు. లోపల పెన్‌డ్రైవ్ మెరుస్తోంది. "దేవుడల్లే ముందే తీసిపెట్టారు బాబూ" అన్నారు. ఆవిడ కళ్లు చెమర్చాయి. మావగారు అల్లుడి వైపు చూసి రెండు చేతులూ జోడించారు, సరదాకే.

"అయితే ఇంకేం, భయం లేదు" అంది ఫోనులో అమ్మాయి. "రీసెట్ నొక్కండి. అన్నీ తీసెయ్యి అన్నది ఎంచుకోండి."

డాక్టరు వేలు కదల్లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నొక్కేస్తే ఏమవుతుందో అతనికి స్పష్టంగా కనబడుతోంది. నొక్కేస్తాడు, అంతా చెరిగిపోతుంది, తర్వాత పెన్‌డ్రైవ్ తెరిస్తే ఖాళీ. అప్పుడు "అరె, ఇది పాడైపోయింది" అనొచ్చు. పెన్‌డ్రైవ్‌లు పాడవడం లోకంలో లేనిదా? అందరూ నమ్ముతారు. అత్తగారు ఆ తప్పు కూడా, బీరువాలో పెట్టడం వల్లేనేమో అని, తన నెత్తినే వేసుకుంటారు. అబద్ధం అంత సులువుగా, అంత దగ్గరగా ఉంది. ఆ సులువు చూసే అతనికి తన మీద తనకి అసహ్యం వేసింది.

"సార్? లైన్లో ఉన్నారా?"

"అందులో ఏం లేదు" అన్నాడు.

"ఎందులో అండీ?" అంది భార్య.

"పెన్‌డ్రైవ్‌లో. ఖాళీది. కాపీ మధ్యలో ఆపేసి లాగేశాను. అయిపోయిందని అబద్ధం చెప్పాను."

అత్తగారు పట్టుగుడ్డ వైపు చూసి, మళ్లీ మెల్లగా మడతలు పెట్టడం మొదలెట్టారు. లోపల ఏమీ లేని దాన్ని అన్నాళ్లు తాళం వేసి కాపాడినందుకు సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు, కానీ సిగ్గుపడుతున్నట్టు కనిపించింది ఆవిడే. అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయితే రీసెట్ ముట్టుకోకండి" అంది ఫోను, గొంతు మార్చి. "ఫైళ్లు ఉంచు అన్నది కూడా వద్దు. గొంతు మామూలు ఫైళ్లలో ఉండదు, మా ప్రోగ్రాము లోపలుంటుంది, ప్రోగ్రాములతోపాటు పోతుంది. అదే తెరలో కమాండ్ ప్రాంప్ట్ ఉంటుంది, తెరవండి. నల్ల కిటికీ వస్తుంది. నోట్‌ప్యాడ్ అని టైపు చెయ్యండి."

"నోట్‌ప్యాడా? అది రాసుకునేది కదా?"

"రాసుకోడానికి కాదు సార్. అందులో ఫైల్ తెరిచే కిటికీలోంచి మీ డిస్కంతా కనబడుతుంది. ముందు తలుపు పట్టేస్తే వంటింటి తలుపులోంచి లోపలికెళ్లి సామాను బయట పెట్టుకోవడం అనుకోండి. సామాను బయటపడ్డాక ఇల్లు సంగతి చూద్దాం."

చెప్పినట్టే చేశాడు. ఒక్కో మాటా పైకి చదువుతూ, తప్పు నొక్కితే అందరి ముందే "కాదు సార్, వెనక్కి రండి" అనిపించుకుంటూ చేశాడు. ఫోల్డరు దొరికింది. అదే ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టి, అందులోకి కాపీ కొట్టాడు. కిటికీ కొయ్యబారిపోయింది.

"ఇప్పుడు ఎంత అయిందో చూపించే గీత కూడా కనబడదు, చచ్చిపోయినట్టుంటుంది. భయపడి ఏదీ నొక్కకండి. చూస్తూ కూర్చోండి, అంతే" అంది అమ్మాయి. "అవునూ, ఇన్‌స్టాల్ అసలు మధ్యలో ఎందుకాగింది?"

డాక్టరు నోరు తెరిచేలోగానే అత్తగారు ఫోను మీదికి వంగారు. పెద్దగా మాట్లాడితేనే వినిపిస్తుందని ఆవిడ నమ్మకం.

"నేనేనమ్మా! నాకు తెలీక ఇస్త్రీ పెట్టె పెట్టాను. ఈయన చొక్కా కోసం. ఇంకెప్పుడూ పెట్టను తల్లీ, ఎలాగోలా ఆయన గొంతు తెచ్చిపెట్టు."

"ఇస్త్రీ పెట్టెకీ దీనికీ ఏం సంబంధమమ్మా? ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుందిగా. ఊళ్లో కరెంటంతా పోయినా ఇది ఆగదు. ఎవరో పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఉంటారు."

ఏ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో నిద్రలో లేపినా చెప్పగలవాడు నేల చూపులు చూశాడు. భార్య అతని వైపు తిరగలేదు. తిరగకపోవడంలోనే అంతా ఉంది. మావగారు మాత్రం తిరిగి చూశారు, చాలాసేపు చూశారు. ఇందాకటి ధైర్యం పెన్‌డ్రైవ్ దగ్గరే ఖర్చయిపోయింది కాబోలు, అతనికి గొంతు పెగల్లేదు. గొంతు లేనిది ఆయనకి, పెగలనిది ఇతనికి. కాపీ అవుతోందో లేదో తెలియని ఆ తెరని చూస్తూ నలుగురూ కూర్చున్నారు. ఇందాక తలుపు వేసుకుని ఈపాటి ఓపిక పట్టి ఉంటే ఇదేదీ ఉండేది కాదు.

కొయ్యబారిన కిటికీ చివరికి కదిలింది. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డరు కనబడింది. "ఇప్పుడు భయం లేదు" అని, ఆ అమ్మాయి మరమ్మతు మార్గాల్లోనే వెనకటి సిస్టమ్‌కి తిరిగి వెళ్లేది నొక్కించింది. యంత్రం చాలాసేపు తనలో తాను తిరిగింది. ఈసారి ఎవరూ "అయిందా" అని అడగలేదు. ఎట్టకేలకి పాత తెర, పాత రంగులు, మూలన గొంతు ప్రోగ్రాము గుర్తు వచ్చాయి. అదే ల్యాప్‌టాప్, అదే మందకొడి.

డాక్టరు లేచి కుర్చీ ఇచ్చాడు. మావగారు కూర్చుని, వేళ్లు విరుచుకుని, టైపు చేశారు. అందరూ కాచుకున్నారు. మామూలు ఆలస్యమే. అప్పుడు వచ్చింది ఆ గొంతు, స్టేషనంతా మోగిన గొంతు, ఎక్కడా నలగకుండా:

"ప్రయాణికులకు ముఖ్య గమనిక. ఇస్త్రీ పెట్టె నిర్దోషి."

భార్య ఫక్కున నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఫోనులో అమ్మాయి కూడా నవ్వేసింది. అత్తగారికి మాత్రం అర్థం కాలేదు. ఆ గొంతు వినబడిందన్నదే చాలు, ఏమందో ఆవిడకి అక్కర్లేదు.

"నేనే అత్తయ్యగారూ" అన్నాడు అతను. "బటన్ నొక్కింది నేనే. మీ మీదికి తోసేశాను."

"పోనీండి బాబూ" అన్నారావిడ వెంటనే, అతనికి కష్టం కలుగుతుందేమోనని. "కావాలని చేస్తారా ఏమన్నా."

కావాలని చేసింది బటన్ నొక్కడం కాదు, ఆవిడ మీద పడ్డ నింద అలాగే ఉండనివ్వడం. ఆ ముక్క చెప్పబోయాడు. ఆవిడ అప్పటికే పొయ్యి వెలిగించడానికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత గొంతుకి కాపీలు ఒకచోట కాదు, నాలుగు చోట్ల పెట్టాడు, తలుపు తెరిచే పెట్టాడు. అత్తవారింట్లో ఇప్పటికీ డాక్టరనే అంటారు. ఎవరూ దెప్పరు. మళ్లీ ఓసారి వెళ్లినప్పుడు చూస్తే మావగారి చొక్కా నలిగి ఉంది. ఇంకోసారి వెళితే అప్పుడూ నలిగే ఉంది. ఇస్త్రీ పెట్టె అటక దిగలేదు.

అతనే ఎక్కి దింపాడు. దుప్పటి విప్పి, ప్లగ్ పెట్టి, ల్యాప్‌టాప్ పక్కనే ఉంచి, "చూడండి అత్తయ్యగారూ, ఏమన్నా అయిందా? ఆ రోజు నేను చెప్పింది పచ్చి అబద్ధం" అని చూపించాడు. మావగారు కూడా "నిర్దోషి" అని మళ్లీ పలికించారు. అత్తగారు తలూపారు.

"తెలుసు బాబూ. మీరు చెప్పారుగా" అన్నారు. అంటూనే వెళ్లి, మెల్లగా ప్లగ్ తీసేశారు. "అయినా ఎందుకొచ్చిన గొడవ. చొక్కాదేముంది, ఆయన మాట్లాడితే చాలు."

ల్యాప్‌టాప్ మూసినప్పుడు ఇస్త్రీ చేసుకోవచ్చుగా అనబోయి ఆగిపోయాడు. అది మూస్తే ఆ ఇంట్లో మాట ఉండదు. మీరు చెప్పారుగా అన్న మాట అతన్ని చాలా రోజులు వదల్లేదు. మొదటిసారీ ఆవిడ అందుకే నమ్మారు.

ఇప్పుడు వెళ్లినప్పుడల్లా మావగారి చొక్కాలు ఓ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. సెలవు రోజున కూర్చుని తనే ఇస్త్రీ చేసి, తిరిగి పట్టుకెళ్లి ఇస్తాడు. చేతులూ వీపూ ఫరవాలేదు గానీ, కాలరు దగ్గర ముడత ఎంత రుద్దినా పోవడం లేదు.